సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి: బాల్యము, తొలి క్రీడాజీవితము

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ (జననము: 13 ఆగస్టు 2000, అమలాపురము) షటిల్ బ్యాడ్మింటన్ నందు పురుషుల డబుల్స్ ఆటగాడు. ముంబయి వాసియైన చిరాగ్ శెట్టితో జతగూడి థాయిలాండ్ ఓపెన్ (2019), కామన్వెల్త్ క్రీడలు (2022), ఆసియా చాంపియన్‌షిప్ (2023), ఇండోనేషియా ఓపెన్ (2023), ఆసియా క్రీడలు (2023) మున్నగు పోటీలలో విజేతయై, 2023 అక్టోబరులో ప్రపంచ శ్రేణిలో ప్రథమస్థానము నధిష్ఠించెను. డబుల్స్ విభాగమున భారతీయులకు ఆ స్థానము లభించుట అదియే మొదలు. అతని బాల్యమును, శిక్షణను, పందొమ్మిదవ యేడు నిండకమున్నే సాధించిన విజయములను, అతని ఆటకు ప్రాణభూతమైన ఎగిరి కొట్టు స్మాష్ యొక్క స్వరూపమును ఈ వ్యాసము ప్రధానముగా వివరించును. పిమ్మటి చరిత్ర సంగ్రహముగా చెప్పబడును.

జన్మస్థానము, కుటుంబము

గోదావరి సముద్రమును చేరబోవుచు పాయలుగా చీలి, గౌతమీ వసిష్ఠల నడుమ ఏర్పరచిన త్రికోణాకారపు లంకభూమికి కోనసీమ యని పేరు. కొత్తపేట, రావులపాలెము ప్రాంతము ఈ త్రికోణమునకు శిరోభాగము. దిగువను వైనతేయపాయ అడ్డముగా పారి దీనిని రెండుగా విడదీయగా, తూర్పు భాగమున అమలాపురమును, పడమటి భాగమున రాజోలును ముఖ్యపట్టణములై యున్నవి. సాత్విక్ జన్మించిన నాటికి ఈ ప్రాంతమంతయు తూర్పుగోదావరి జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము కేంద్రముగా ప్రత్యేక జిల్లా ఏర్పడి, అనంతరము దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నామము చేర్చబడినది.

వరిచేలకును, కొబ్బరితోటలకును, వేదవిద్యకును పేరుమోసిన ఈ సీమను షటిల్ ఆటకు అనువైనదిగా ఎంచుట కష్టము. ఈకలతో కూర్చిన షటిల్ బరువు 5 గ్రాముల ప్రాంతమున నుండును గనుక, ఏమాత్రము గాలి వీచినను అది దారి తప్పును. సముద్రపుగాలి నిత్యము సోకుచుండు ఊళ్లలో ఈ ఆటను శ్రద్ధగా నేర్వవలెనన్న నాలుగు గోడల నడుమ ఎత్తయిన కప్పు గల మందిరము కావలయును. కోస్తా ఆంధ్ర గ్రామములలో చిరకాలము ఉన్నిబంతితో ఆరుబయట ఆడు బాల్ బ్యాడ్మింటన్ (చూ. బాల్ బ్యాడ్మింటన్) వ్యాప్తి చెందుటకు ఇదియు నొక హేతువు కావచ్చును. ఇట్టి చోట ఒక బాలునకు రాకెట్ పట్టు విధము తెలియవలెనన్న ఊరిలో ఎవరో ఒక పెద్ద ఆ ఆటను ఎరిగి యుండవలెను, ఓపికగా నేర్పవలెను. ఆ పని సాధారణముగా డ్రిల్లు మాస్టారిది. సాత్విక్ విషయమున ఆ డ్రిల్లు మాస్టారు ఇంటిలోనే యుండెను: అతని తండ్రి వ్యాయామోపాధ్యాయుడు, రాష్ట్రస్థాయిలో బ్యాడ్మింటన్ ఆడినవాడు. అన్నయు అదే ఆట నాడుచుండుటచే, ఈ ఆట ఆ పిల్లవానికి ఇంటివిద్యగా అబ్బెను.

కోనసీమకు షటిల్ ఆటతో గల సంబంధము ఈ యొక్క పేరుతో ముగియదు. పురుషుల సింగిల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానమును పొందిన కిదాంబి శ్రీకాంత్, గుంటూరు నివాసిగా ప్రసిద్ధుడైనను, 1993లో రావులపాలెమున జన్మించినవాడు. ఈ ఇరువురును ఒకే జట్టున నిలిచి, పురుషుల జట్ల పోటీయైన థామస్ కప్‌ను దేశమునకు తెచ్చిన వృత్తాంతము దిగువ చెప్పబడును.

డబుల్స్ ఆట: స్వరూపము, నియమములు

బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు; వెడల్పు సింగిల్స్‌కు 5.18 మీటర్లు, డబుల్స్‌కు 6.10 మీటర్లు. నెట్ నడిమి ఎత్తు 1.524 మీటర్లు, అనగా సరిగా అయిదడుగులు. మూడు గేములలో రెండు గెలిచినవారు విజేతలు. ఒక్కొక్క గేము 21 పాయింట్లు. సింగిల్స్‌లో ఓర్పునకును, ఎదుటివానిని కోర్టు నాలుగు మూలలకును త్రిప్పి అలయింపజేయు నేర్పునకును ప్రాధాన్యము మెండు. డబుల్స్‌లోనో, ఎనిమిది పది దెబ్బలలో తేలిపోవు ర్యాలీలు అనేకములు. సర్వీసు, దానికి తిరుగు దెబ్బ, ఆపై మూడవ దెబ్బ, ఈ మూడింటియందే పాయింటు యొక్క గతి చాలవరకు నిర్ణయమగును. దాడి చేయుచున్న జంట ముందొకరు వెనుకొకరుగా నిలుచును. కాచుకొను జంట పక్కపక్కన నిలుచును. ఒక స్థితి నుండి మరియొక స్థితికి క్షణమాత్రములో, మాటతో పనిలేకుండ మారగలుగుటయే డబుల్స్ విద్యలోని మర్మము.

భారతదేశమున ఈ విద్యకు చాలకాలము తగిన ఆదరణ లభింపలేదు. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ప్రకాశ్ పదుకోణె, 2001లో ఆ టైటిల్‌నే గెలిచిన పుల్లెల గోపీచంద్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యము పొందిన సైనా నెహ్వాల్, 2016 రియో ఒలింపిక్స్‌లో రజతము పొందిన పూసర్ల వెంకట సింధు, వీరందరును సింగిల్స్ క్రీడాకారులే. మహిళల డబుల్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప 2010 కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణమును, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యమును సాధించి మార్గము చూపిరి. పురుషుల డబుల్స్‌లో అంతటి ఫలితము అప్పటికి లేదు. ప్రతిభ గల పిల్లలు సింగిల్స్‌నే కోరుటయు, అందు నెగ్గలేనివారు డబుల్స్‌కు మరలుటయు వాడుకగా నుండిన కాలమున, ఒక పల్లెపట్టు బాలుడు ప్రాయము నిండకమున్నే డబుల్స్‌ను తన ఆటగా వరించుట గమనింపదగిన విషయము.

హైదరాబాదు శిక్షణ (చూ. పుల్లెల గోపీచంద్)

2014లో, పదునాలుగేండ్ల ప్రాయమున, సాత్విక్ హైదరాబాదు గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీలో చేరెను. 2008లో వెలసిన ఈ అకాడమీ సింధు, శ్రీకాంత్ మున్నగువారిని తీర్చిదిద్దిన స్థలము. అమలాపురమునకు నేటికిని రైలుమార్గము లేదు. కోటిపల్లి నుండి కోనసీమ మీదుగా నరసాపురమునకు తలపెట్టిన మార్గము దశాబ్దములుగా నిర్మాణములోనే యున్నది. కావున కోనసీమ నుండి రాజధానికి పోవు బాలుడు మొదట బస్సున నది దాటి, పిమ్మట దూరప్రయాణము చేయవలసినవాడే. ఇల్లు విడిచి, వేకువనే లేచి, దినమునకు రెండు మారులు కోర్టులో నిలువవలసిన జీవితము ఆ వయసున అందరును ఓర్వగలిగినది కాదు.

2015లో భారత డబుల్స్ శిక్షకుడుగా మలేషియా దేశీయుడు టాన్ కిమ్ హర్ నియుక్తుడయ్యెను. సాత్విక్ దేహము నాటికే ఆరడుగుల యెత్తునకు సాగుచుండెను. భుజబలము వయసుకు మించినది. ఈ రెండు గుణములును వెనుక నిలిచి స్మాష్ కొట్టు ఆటగానికి వరములు. అయితే పొడగరికి కొన్ని చిక్కులును కలవు: దేహము మీదికి సూటిగా వచ్చు షటిల్‌ను కాచుట, నడుము వంచి నెట్ చెంత క్రిందుగా ఆడుట అతనికి కష్టము. 2018లో ప్రవేశపెట్టబడిన నియమము ననుసరించి, ఎంతటి పొడగరియైనను సర్వీసు వేయునపుడు షటిల్‌ను నేలనుండి 1.15 మీటర్లకు మించని ఎత్తున కొట్టవలెను. పూర్వము క్రీడాకారుని నడుమెత్తును బట్టి హద్దు నిర్ణయమగుచుండెడిది. ఈ మార్పు పొడగరుల కందరికిని సర్వీసును క్రొత్తగా నేర్చుకొనవలసిన అవసరము కల్పించెను.

జంట కూర్పు

చిరాగ్ శెట్టి 1997 జూలై 4వ తేదీన ముంబయిలో జన్మించెను. అనగా సాత్విక్ కంటె మూడేండ్లు పెద్ద. వీరి నిరువురను జతపరచినవాడు టాన్ కిమ్ హర్. ఈ కూర్పు మొదట ఇరువురకును రుచింపలేదు. దానికి తగిన కారణము కలదు: ఇరువురును వెనుక నుండి బలముగా కొట్టుటకు అలవడినవారే, డబుల్స్ జంటకు సహజముగా కావలసినది ఒక స్మాషరును, నెట్ చెంత చురుకుగా షటిల్ నందుకొను ఒక సూక్ష్మగ్రాహియును. ఇద్దరు స్మాషర్లను ఒకచోట చేర్చుట కూర్పులోని లోపముగా అప్పుడు తోచియుండవచ్చును. శిక్షకుని దృష్టి వేరు. నెట్ ఆట అభ్యాసమువలన వచ్చును, ఎత్తును బలమును అభ్యాసమువలన రావు. కావున బలవంతులను ఇద్దరిని తీసికొని వారిలో ఒకరికి నెట్ ఆట నేర్పుట సులభమని అతని విశ్వాసము. కాలక్రమమున చిరాగ్ ముందుభాగమునకును, సాత్విక్ వెనుకభాగమునకును అధికారులైరి. అయినను అవసరము వచ్చినపుడు స్థానములు మార్చుకొనినను దాడి బలము తగ్గకుండుట ఈ జంట విశేషము.

వారిలో ఒకడు కోనసీమ తెలుగువాడు, మరియొకడు ముంబయివాడు. భాష వేరు, పెరిగిన విధము వేరు. డబుల్స్‌లో జంట యెన్నిక కుటుంబములలోని సంబంధము వంటిది కాదు. దానిని శిక్షకుడు నిర్ణయించును, ఫలితము రాకున్న మార్చును. ఈ జంటను మార్చవలసిన అగత్యము రాలేదు.

తొలి విజయములు, 2016–2018

2016లో మారిషస్ ఇంటర్నేషనల్, బంగ్లాదేశ్ ఇంటర్నేషనల్ పోటీలను ఈ జంట గెలుచుకొనెను. సాత్విక్‌కు ఆ యేటనే పదునారేండ్లు నిండెను. ఇవి చిన్న పోటీలే. కాని ప్రపంచ శ్రేణిలో పాయింట్లు కూడుటకును, పెద్ద పోటీలలో ప్రవేశార్హత సంపాదించుటకును ఇవియే మెట్లు. 2017లో వియత్నాం ఇంటర్నేషనల్ వారి ఖాతాలో చేరెను.

2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్ నగరమున జరిగిన కామన్వెల్త్ క్రీడలు సాత్విక్ పేరును దేశమంతటికిని తెలిపినవి. మిశ్రమ జట్ల ఫైనల్లో భారతమునకు మలేషియా ప్రత్యర్థి. ఆ పోటీలో అంతకుముందు వరుసగా విజేత మలేషియాయే. మొదటి ఆట మిక్స్‌డ్ డబుల్స్. అందు అశ్విని పొన్నప్పతో కలిసి కోర్టులో దిగిన సాత్విక్‌కు ఎదురు నిలిచినవారు రియో ఒలింపిక్ రజతవిజేతలైన చాన్ పెంగ్ సూన్, గో ల్యూ యింగ్. మూడు గేముల పోరున భారత జంటయే నెగ్గి జట్టుకు ఆధిక్యము తెచ్చెను. తుదకు భారతము 3–1 తేడాతో స్వర్ణము పొందెను. ఆనాడు సాత్విక్‌కు పదునెనిమిదేండ్లు నిండలేదు. పురుషుల డబుల్స్ వ్యక్తిగత విభాగమున అతడును చిరాగ్‌యును ఫైనల్ చేరి, ఇంగ్లండ్ జంట మార్కస్ ఎల్లిస్, క్రిస్ లాంగ్రిడ్జ్‌ల చేతిలో ఓడి రజతముతో తృప్తి చెందిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాద్ ఓపెన్‌ను గెలిచిరి. శిక్షణ పొందిన నగరముననే దక్కిన విజయమిది.

బ్యాంకాక్, 2019

తొలి క్రీడాజీవితమునకు శిఖరము 2019 ఆగస్టు 4వ తేదీన బ్యాంకాక్‌లో లభించెను. థాయిలాండ్ ఓపెన్ సూపర్ 500 శ్రేణి పోటీ. ఫైనల్లో ప్రత్యర్థులు చైనా జంట లీ జున్‌హుయ్, ల్యూ యుచెన్. 2018 ప్రపంచ చాంపియన్లు, ఇరువురును సాత్విక్‌కంటె పొడగరులు. ఎత్తునకు ఎత్తుతోను, బలమునకు బలముతోను సమాధానము చెప్పవలసిన ఆట. 21–19, 18–21, 21–18 పాయింట్లతో భారత జంట గెలిచెను. సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారత పురుషుల జంట ఇదియే. దీనితో వారు ప్రపంచ శ్రేణిలో మొదటి పది జంటలలో స్థానము పొందిరి. సాత్విక్ పందొమ్మిదవ జన్మదినమునకు ఇంకను తొమ్మిది దినములు మిగిలియుండెను.

ఆ సంవత్సరము అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్ (సూపర్ 750) పోటీలో వారు మొహమ్మద్ అహ్సాన్, హేంద్ర సెతియావన్ అను నాటి ప్రపంచ చాంపియన్లను ఓడించి ఫైనల్ వరకు సాగిరి. అచట నాటి ప్రథమశ్రేణి జంట మార్కస్ గిడియన్, కెవిన్ సుకముల్జో వారిని నిలువరించెను. ఇండోనేషియా దేశీయులైన ఈ గిడియన్, సుకముల్జోలు పొట్టివారు, అతివేగులు. నెట్ మీదుగా నేలబారున షటిల్‌ను పంపుచు, పొడగరులకు స్మాష్ కొట్టు అవకాశమునే ఇయ్యనివారు. ఈ ఓటమి సాత్విక్, చిరాగ్‌ల ఆటలోని లోపమెక్కడ నున్నదో స్పష్టపరచెను. 2020లో వీరికి అర్జున పురస్కారము లభించెను.

ఎగిరి కొట్టు స్మాష్ (చూ. ఎత్తు దూకుడు)

గాలిలోనికి ఎగిరి, షటిల్‌ను తలకంటె మిక్కిలి ఎత్తున అందుకొని, క్రిందికి వాలుగా బలముగా కొట్టు దెబ్బను జంప్ స్మాష్ అందురు. సాత్విక్ ఆటకు ఇదియే ఆయువుపట్టు.

ఎగురుటలో ప్రయోజనమేమి? నెట్ అయిదడుగుల ఎత్తున అడ్డముగా నున్నది. షటిల్‌ను ఎంత ఎత్తున కొట్టిన, అంత నిట్టవాలుగా అది నెట్ దాటి దిగును. ఎంత నిట్టవాలుగా దిగిన, ఎదుటివారు దానిని అంత క్రిందుగా, అనగా నేలకు సమీపమున అందుకొనవలసి వచ్చును. క్రిందుగా అందుకొనినవాడు దానిని పైకెత్తక తప్పదు. పైకెత్తిన షటిల్ మరల స్మాష్‌కు ఆహారమగును. కావున డబుల్స్‌లో ఒక్క దెబ్బతో పాయింటు రాకున్నను, ఎగిరి కొట్టు జంట దాడిని తన చేతినుండి జారనీయదు.

ఎత్తు దూకుడు నందలి ఎగురుటకును దీనికిని పోలిక కొంతవరకే. ఎత్తు దూకుడున క్రీడాకారుడు వంపుగా పరుగెత్తి వచ్చి, నియమము ననుసరించి ఒంటికాలిమీదనే లేచి, దేహమును కర్రమీదుగా దాటించును. అతనికి పరుగుకు తావును, మనస్సు కుదుర్చుకొనుటకు వ్యవధియు కలవు. స్మాష్ కొట్టువానికి అట్టి తావు లేదు. వెనుకకు రెండు మూడు అడుగులు వేసి, సాధారణముగా రెండు కాళ్లమీదను లేచి, ఎగురుచుండగనే మొండెమును త్రిప్పి, భుజమును, మోచేతిని, ముంజేతిని ఒకదాని వెంట నొకటిగా విసరి, దిగిన మరుక్షణమే తరువాతి దెబ్బకు సిద్ధము కావలెను. ఒకనికి ఎత్తే గమ్యము. మరియొకనికి ఎత్తు సాధనము మాత్రమే.

దెబ్బకు వేగము ముంజేయి లోపలికి తిరుగుటవలనను, భుజము యొక్క భ్రమణమువలనను కలుగును. కేవల కండబలమువలన కలుగదు. 2023 ఏప్రిల్ 14వ తేదీన జపాను దేశమున సైతామా ప్రాంతములోని సోకా నగరమున రాకెట్ల తయారీ సంస్థ యోనెక్స్ వారి వ్యాయామశాలలో జరిపిన పరీక్షలో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగము గంటకు 565 కిలోమీటర్లుగా నమోదై గిన్నిస్ గ్రంథమున కెక్కెను. అంతకుముందు మలేషియా క్రీడాకారుడు టాన్ బూన్ హియాంగ్ 2013లో నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డు పదేండ్లు నిలిచియుండెను. ఇవి పరీక్షాశాలా పరిస్థితులలో, రాకెట్‌ను విడిచిన తక్షణమున కొలిచిన వేగములు. ఆట నడుమ కొలువబడినవి ఇంతకంటె తక్కువ: డెన్మార్క్ దేశీయుడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ 2017లో 426 కిలోమీటర్ల వేగమున కొట్టెను. షటిల్ ఈకలు గాలిని విశేషముగా నిరోధించుటచే, ప్రత్యర్థిని చేరులోపల ఆ వేగములో అధికభాగము హరించుకుపోవును. లేకున్న ఏ మానవుడును దానిని తిరిగి కొట్టజాలడు.

టోక్యో నుండి థామస్ కప్ వరకు

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ జంటకు వింతయైన అనుభవము కలిగెను. గ్రూపు దశలో మూడాటలలో రెండు గెలిచిరి. అందొకటి తైవాన్ జంట లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌లపైన. మూడవ గేము 27–25 వరకు సాగిన పోరాటము. గ్రూపులో మూడు జంటలకు రెండేసి విజయములుండుటచే, గెలిచిన ఓడిన గేముల తేడాను బట్టి నిర్ణయము జరిగి, సాత్విక్, చిరాగ్ నిష్క్రమింపవలసి వచ్చెను. వారి చేతిలో ఓడిన తైవాన్ జంటయే ఆ ఒలింపిక్స్ స్వర్ణము గెలిచెను. ఆ కాలమున వీరికి శిక్షకుడు డెన్మార్క్ దేశీయుడు, లండన్ ఒలింపిక్ రజతవిజేత మథియాస్ బో. అతని శిక్షణలో వారి రక్షణాత్మక ఆటయు, నేలబారు దెబ్బల ఆటయు మెరుగైనవి.

2022 మే 15వ తేదీన బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. ఇండోనేషియా అప్పటికి పదునాలుగు మారులు ఆ కప్ గెలిచిన దేశము; భారతము ఫైనల్ చేరుటయే మొదటిసారి. లక్ష్య సేన్ మొదటి సింగిల్స్ గెలిచిన పిమ్మట, అహ్సాన్, సుకముల్జోలపై సాత్విక్, చిరాగ్ మొదటి గేమును 18–21తో కోల్పోయి, రెండవ గేములో ఓటమికి ఒక్క పాయింటు దూరమున పలుమారులు నిలిచి, 23–21తో దానిని దక్కించుకొని, 21–19తో ఆటను ముగించిరి. మూడవ ఆటలో శ్రీకాంత్ జొనాథన్ క్రిస్టీని ఓడింపగా 3–0తో కప్ భారతము వశమయ్యెను. నిర్ణాయకమైన మూడు విజయములలో రెంటియందు కోనసీమలో పుట్టినవారి చేయి కలదు. ఆ జట్టులో తెలుగువారు మరికొందరును ఉండిరి.

పిమ్మటి చరిత్ర

అదే సంవత్సరము ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల స్వర్ణము, టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యము, అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్ టైటిల్ లభించినవి. 2023 ఏప్రిల్‌లో దుబాయిలో ఆసియా చాంపియన్‌షిప్ గెలిచిరి. 1965లో సింగిల్స్‌లో దినేశ్ ఖన్నా గెలిచిన తరువాత భారతీయులకు అందు స్వర్ణము అదియే, డబుల్స్‌లో మొదటిది. జూన్‌లో జకార్తాలో ఇండోనేషియా ఓపెన్ (సూపర్ 1000) ఫైనల్లో మలేషియా జంట ఆరన్ చియా, సో వుయ్ యిక్‌లను ఓడించిరి. అంతకుముందు తలపడిన ఎనిమిది మారులును ఆ మలేషియా జంటదే పైచేయి కాగా, తొమ్మిదవ మారు ఫలితము తారుమారయ్యెను. అక్టోబరు 7వ తేదీన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా జంటపై 21–18, 21–16తో గెలిచి, ఆ క్రీడలలో బ్యాడ్మింటన్‌కు సంబంధించి భారతమునకు తొలి స్వర్ణము తెచ్చిరి. మరుసటి వారమే ప్రపంచ ప్రథమస్థానము లభించెను. ఆ సంవత్సరమునకు ఖేల్ రత్న పురస్కారము ఇరువురకును ప్రకటింపబడెను.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకమునకు ముఖ్య అర్హులుగా ఎంచబడిన ఈ జంట క్వార్టర్ ఫైనల్లో మొదటి గేము గెలిచియు, మరల ఆరన్ చియా, సో వుయ్ యిక్‌ల చేతనే ఓడెను. 2025 ఆగస్టులో అదే నగరమున జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్లో ఆ మలేషియా జంటనే ఓడించి, రెండవ కాంస్యమును పొందిరి.